తాళం వేసిన వ్యాసానికి ఎనిమిది ఉత్తరాలు

ఆ రోజుల్లో మూసి ఉన్న తలుపు కనబడితే, అది మనకి సంబంధించింది కాదులే అని పక్కకి తప్పుకోవడం నాకు అలవాటు. బడి గడప తొక్కని పిల్లని కదా, నేనుగా పోయి ఏ తలుపూ తట్టింది లేదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. మా పల్లె నుంచి బడికి పోవాలంటే ఉప్పుకాలవ దాటి, ఇసకదిబ్బల మీద గాలికి ఎదురు నడవాలి. రెండు రోజులు నడిస్తే నాలుగు రోజులు మంచం. అందుకని మా అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాత, "దానికి నేను చెప్తాలే పోండి" అని పలక తెచ్చాడు. తాత మా ఊరి పోస్టుమాస్టరు. పోస్టాఫీసు అంటే భవనం అనుకునేరు. మా ఇంటి వసారాయే పోస్టాఫీసు. ఒక బల్ల, ఒక తక్కెడ, ఒక ముద్ర, గోడకి ఎర్ర డబ్బా. టపా సంచి వచ్చే లోపల తెలుగు, వచ్చాక లెక్కలు, మధ్యాహ్నం ఇంగ్లీషు. ఊళ్ళోవాళ్ళు వచ్చి రాయించుకునే ఉత్తరాలే నాకు పాఠాలు. ఉత్తరానికి తాత పెట్టిన వరస ఒకటుంది. పైన దేవుడి పేరు. తర్వాత ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీ క్షేమం తెలియజేయాలి. తర్వాత వానలు. తర్వాత ఆ ఇంట్లో ఉన్న ప్రతి మనిషినీ పేరుపేరునా అడగాలి (గేదె ఈని ఉంటే దాన్ని కూడా). ఇంతా అయ్యాకే విషయం. "మొదటి వాక్యంలోనే విషయం రాసేది వకీళ్ళూ పోలీసులే అమ్మణ్ణీ. మనం మనుషులం" అనేవాడు. ఇరవై రెండేళ్ళ వయసులో నేను సముద్రాల అవతల కూడా నవ్వులపాలు కావడానికీ, ఆ నవ్వుల్లోంచే ఒక మేలు దొరకడానికీ ఈ మాటే కారణం. అమ్మవారి దయ, ఇప్పుడు తల్చుకుంటే రెండూ మేలుగానే తోస్తాయి.

ఇంట్లోనే చదివి, దూరవిద్యలో పరీక్షలు రాసి, ఇంటరు గట్టెక్కాక, మా ఊరికి నాలుగు మైళ్ళలో ఉన్న ఒక నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో పనికి కుదిరాను. ల్యాబ్ అంటే రొయ్యల మేత అమ్మే కొట్టు పక్కన ఒక గది. ఒక మైక్రోస్కోపు, పది పదిహేను సీసాలు, ఒక కంప్యూటరు, గోడ మీద అమ్మవారి పటం. రొయ్యల గుంటల వాళ్ళు క్యాన్లలో నీళ్ళు తెస్తే ఉప్పెంత, సున్నమెంత అని చూసి చీటీ రాసివ్వడం నా పని. దాన్ని నడిపే ఆయనకి ఊరంతా పెట్టిన పేరు లిట్మస్ అన్న. చొక్కా జేబులో ఎప్పుడూ లిట్మస్ కాగితాల కట్ట ఉండేది. మనుషుల్ని కూడా దానితోనే చూసేవాడు. "ఏం పాపా, ఈ పొద్దు ఎర్రకి తిరిగుండావే, ఇంట్లో కొట్లాటా?" అనేవాడు. మంచి మనిషి. నాకు డిగ్రీ లేదన్న సంగతి ఒక్కసారి కూడా ఎత్తకుండా మైక్రోస్కోపు నా చేతికిచ్చాడు. ఆ రుణం తీరేది కాదు.

ఇక కథంతా మా పెద్దమ్మది. అమ్మకి అక్క, తాతకి పెద్దకూతురు. పెదనాన్న పోయాక వాళ్ళ రెండెకరాల రొయ్యల గుంటని ఆమే చూసుకుంటానంది. చీర మీద పెదనాన్న పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తెల్లవారకముందే గట్టెక్కి మేత చల్లేది. రొయ్యలతో మాట్లాడేది కూడా. "తినండిమ్మా, సిగ్గుపడబాకండి" అనేది, పెళ్ళిలో వడ్డించినట్టు. పెదనాన్న తమ్ముడు, నాకు చిన్నాయన, చెడ్డవాడు కాడు. కాకపోతే ఆడమనిషి వల్ల గుంట నడవదని ఆయన నమ్మకం. "ఒక్క పంట చూస్తా వదినా. అది లేవకుంటే గుంట లీజుకిచ్చేద్దాం. నువ్వు ఇంట్లో కూర్చోని రామా కృష్ణా అనుకుందువు" అన్నాడు. ఆ ఒక్క పంటలోనే రొయ్య ఎదగడం మానేసింది. మేత తింటుంది, పెరగదు. గుల్ల విడిచిన తర్వాత కొత్త గుల్ల గట్టిపడక, తడిసిన కాగితంలా మెత్తగా ఉండిపోతుంది. చుట్టుపక్కల గుంటల్లో అప్పుడే ఏదో పురుగు రోగం అంటున్నారు. పట్నంలో పరీక్షకి పంపితే ఒకసారి ఉందని వచ్చింది, ఒకసారి లేదని వచ్చింది. రోగమే అయితే గుంట ఎండగట్టి, అడుగు మట్టి తీసి, ఒక పంట కాలం ఖాళీగా వదిలేయాలి. అంటే పెద్దమ్మ చేతిలోంచి గుంట పోయినట్టే. రోగం కాక, నీళ్ళలోనే ఏదో లోపమైతే ఇంకా దారుంది. ఏదన్నది చెప్పేవాళ్ళు లేరు. "అమావాస్య దాకా చూస్తా. అమావాస్యకి గుల్ల విడుస్తాయి కదా. అప్పటికీ గట్టిపడకుంటే తూము ఎత్తి నీళ్ళు వదిలేస్తా" అన్నాడు చిన్నాయన. ఇరవై రోజులుంది.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. పెద్దమ్మ గుంటలోవి బోరు నీళ్ళు, ఉప్పు తక్కువ. అలాంటి నీళ్ళలో రొయ్య గుల్ల ఎందుకు గట్టిపడదు అని వెతగ్గా వెతగ్గా ఒక వ్యాసం దొరికింది. పేరు చూస్తే పెద్దమ్మ గుంట గట్టు మీద కూర్చుని రాసినట్టుంది! కింద పది వాక్యాల సారాంశం. ఉప్పు తక్కువ బోరు నీళ్ళు, పెరగని రొయ్య, మెత్తటి గుల్ల... అన్నీ మావే. చివర "దీనికి కారణమూ, దాన్ని సరిచేసే విధానమూ ఈ వ్యాసంలో వివరించాము" అని ఉంది. ఎక్కడ వివరించారా అని కిందికి పోతే చిన్న తాళం బొమ్మ. లోపలికి పోవాలంటే డాలర్లు కట్టాలట. కట్టినా వ్యాసం మనదైపోదు, ఒక్క రోజు చూసుకోనిస్తారట. ఆ డాలర్లు రూపాయల్లోకి మార్చి చూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మవారి గుడికి పోతే తలుపు వేసేసి, కిటికీలోంచి హారతి వెలుగు మాత్రం చూపించినట్టుంది నాకు.

లిట్మస్ అన్న వచ్చి చూశాడు. "ఇంతేనా? దీనికి దొంగదారి ఉందిలే పాపా. మా ఫ్రెండ్ ఒకడు చెప్పినాడు" అని ఏదో టైపు చేయించాడు. నాకు మనసొప్పలేదు, అయినా అమావాస్య కళ్ళముందు ఆడుతుంటే నొక్కాను. (నొక్కింది నా వేలే, అన్న మీదికి నెట్టను.) వ్యాసం రాలేదు. తెర మీద జుట్టు మొలిపించే నూనె ప్రకటనలు వరసగా లేచాయి. ఒకటి మూస్తే మూడు. పాటలు. మూడు రోజులు ఆ కంప్యూటరు ఎవరు నీళ్ళు తెచ్చినా ముందు ఒక బట్టతల ఆయన్ని చూపించేది, తర్వాతే ఉప్పు లెక్క. ఒక రైతు చాలాసేపు దాన్ని చూసి, "ఈయన మా గుంట నీళ్ళల్లో కనపడినాడా?" అని అడిగాడు. నేను అమ్మవారికి ఒక కొబ్బరికాయ మొక్కుకుని ఇంటికొచ్చి తాతకి ఉన్నదంతా చెప్పాను.

తాత అప్పటికి రిటైరయ్యాడు కానీ, వసారాలో ఆ బల్ల ముందే కూర్చునేవాడు. అంతా విని, "వ్యాసం రాసినోళ్ళకి పేర్లుండాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "అడ్రసులు?" ఒకాయనకి ఉంది, పేరు పక్కన చుక్క గుర్తు పెట్టి, ఈయనతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపవచ్చు అని రాశారు అన్నాను. "ఇంకేంది మరి! తాళం వేసింది అచ్చేసినోళ్ళు. రాసినోళ్ళకి ఏం కోపం మన మీద? వాళ్ళనే అడుగు" అన్నాడు. నాకు ఇంతవరకూ తట్టలేదు. మూసిన తలుపు చూసి వెనక్కి తిరగడమే కానీ, ఆ ఇంటివాళ్ళ పేరు పెట్టి పిలవొచ్చని తెలియని రోజులు. సరే, చుక్క గుర్తు ఆయనకి రాస్తానన్నాను. తాత కళ్ళజోడు తీశాడు. "మొత్తం ఎంతమంది?" ఎనిమిది మంది. "ఎనిమిది మంది పేర్లుంటే ఒకాయనకే రాస్తావా? పెళ్ళిపిలుపుకి పోయి పెద్దకోడలికి ఒక్కదానికే బొట్టు పెట్టి వస్తారా ఎవరన్నా? వెనక వంటింట్లో ఉండేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. నిజమే అనిపించింది. మా వైపు పిలుపంటే కుంకుమ భరిణె పట్టుకుని, ఆ ఇంట్లో ఎంతమంది ఆడవాళ్ళుంటే అంతమందికీ, పెరట్లో అంట్లు తోముతున్న మనిషితో సహా, బొట్టు పెట్టి రమ్మని చెప్పాలి. ఒక్కరు తప్పినా పదేళ్ళు చెప్పుకుంటారు. కాబట్టి ఎనిమిది మందికీ ఎనిమిది ఉత్తరాలు అని తీర్మానం అయింది.

అడ్రసులు పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఏడుగురికి ఎక్కడో ఒక చోట ఈమెయిలు దొరికింది. ఏడో పేరు ఆవిడకి మాత్రం లేదు. ఎక్కడ వెతికినా ఆవిడ పేరు ఇంకెందులోనూ లేదు. చివరికి ఆ పరిశోధనా కేంద్రం ఆఫీసు ఈమెయిలుకే, "దయచేసి ఫలానా అమ్మగారికి అందజేయగలరు" అని పైన రాసి పంపాను. ఉత్తరం తాత చెబుతుంటే నేను ఇంగ్లీషు చేశాను. దేవుడి పేరు. ఇక్కడ మేమంతా క్షేమం. ఈ ఏడు వానలు వెనకబడ్డాయి, అక్కడ మీకు ఎలా ఉన్నాయి? ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగుందా, పిల్లలు ఏం చదువుతున్నారు? మా పెద్దమ్మకి ఒక రొయ్యల గుంట ఉంది... అలా పోయి పోయి, మూడో పేజీలో వ్యాసం సంగతి. ఇక చివర నా సొంత మాట ఒకటి కలిపాను. మేలు చేసేవాళ్ళకి మనం ఇచ్చేది ఏముంటుంది? "మీ గోత్రము, జన్మనక్షత్రము తెలియజేసినచో శుక్రవారం నాడు మా అమ్మవారి గుడిలో మీ పేరున అర్చన చేయించగలము" అని రాశాను. ఇంగ్లీషులో. ఎనిమిది దేశాల... కాదు, నాలుగే దేశాల శాస్త్రవేత్తలకి.

లిట్మస్ అన్న అది చదివి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "మూడు పేజీలా! పాపా, వాళ్ళు సైంటిస్టులుమా. రెండు లైన్లు రాస్తే సాలు. గోత్రం ఏందిమా, గోత్రం!" అన్నాడు. అప్పటికే పంపేశానని చెప్పాను. జేబులోంచి లిట్మస్ కాగితం తీసి నుదుటికి ఆనించుకుని చూసుకున్నాడు పాపం.

మొదటి జవాబు ఒక్క నిమిషంలో వచ్చింది! రెండో పేరు ఆయన నుంచి. సెలవులో ఉన్నాను, తిరిగి వచ్చాక మీ ఉత్తరం చూస్తాను, కృతజ్ఞతలు అని. ఎంత మర్యాద! సెలవులో ఉండి కూడా మనకి రాశాడే అని, "తొందరేమీ లేదండీ, హాయిగా విశ్రాంతి తీసుకోండి" అని రాశాను. వెంటనే మళ్ళీ అదే జవాబు. తాతకి చెబితే, "అదే మాట మళ్ళీ చెప్తా ఉండాడంటే ఏదో బాధలో ఉండాడు. ఒంట్లో బాలేదేమో అడుగు" అన్నాడు. అడిగాను. మళ్ళీ అదే. అమ్మ చేత మిరియాల కషాయం ఎలా కాచాలో చెప్పించుకుని అది కూడా రాసి పంపాను. నాలుగోసారి లిట్మస్ అన్న చూసి, "అది మనిషి కాదుమా, కంప్యూటరు దానంతట అదే ఇచ్చే జవాబు" అన్నాడు. (ఆ పెద్దమనిషి సెలవు నుంచి వచ్చి నా నాలుగు ఉత్తరాలూ చదివి, కషాయం కాచుకున్నానని నిజంగానే రాశాడు. దేవుడు చల్లగా చూడాలి.)

రెండో రోజు చుక్క గుర్తు ఆయన ఒక్క మాట రాసి వ్యాసం జతచేశాడు. తాళం లేదు, డాలర్లు లేవు. పద్నాలుగు పేజీలు! నేను కంప్యూటరుకి దణ్ణం పెట్టుకున్నాను. నాలుగో రోజుకి ఇంకో ముగ్గురు అదే వ్యాసం పంపారు. మొదటి పేరు అబ్బాయి ఇంకా చదువుకునే పిల్లవాడట; తన మొదటి వ్యాసం ఇదేననీ, దీని గురించి రాసిన మొదటి మనిషిని నేనేననీ చెబుతూ, గోత్రం అనే ఖాళీ మా విశ్వవిద్యాలయం ఫారాల్లో లేదు, పుట్టిన తేదీ సరిపోతుందా అని అడిగాడు. శుక్రవారం మా పూజారి గారి దగ్గరికి చీటీ పట్టుకుపోయాను. ఆయన పేర్లు కూడబలుక్కుని చదివి, "గోత్రం తెలియనోళ్ళకి కాశ్యప గోత్రం చెప్పుకుంటాంలే అమ్మా, ఇబ్బంది లేదు" అని, ఎనిమిది మందినీ ఒకే గోత్రంలో కలిపేశాడు. నాకు సంతోషమే. చిక్కు తర్వాత వచ్చింది. మర్నాడు ఐదో పేరు ఆవిడ జవాబులో, మూడో పేరు ఆయన తన భర్తేననీ, ఇద్దరికీ ఈ అర్చన సంగతి ఎంతో నచ్చిందనీ రాసింది. తాత మొహం పాలిపోయింది. "ఏకగోత్రంలో ఆలుమొగుళ్ళా! అన్నా చెల్లెల్ని చేసి వచ్చినావు కదమ్మా!" అన్నాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి పరుగెత్తాను. పూజారి గారు గంభీరంగా ఆలోచించి, "కంగారు పడబాకమ్మా. వచ్చే శుక్రవారం ఆయమ్మకి భారద్వాజస చెప్పి సవరిద్దాం" అన్నాడు. ఆ వారం రోజులూ ఆ దంపతులకి ఏం కీడూ జరగకుండా చూడమని రోజూ దీపం పెట్టాను. ఎక్కడో మంచు దేశంలో వాళ్ళు హాయిగా కాఫీ తాగుతూ ఉండి ఉంటారు.

ఇంత చేసి తెచ్చుకున్న వ్యాసం నాకు అర్థం కాలేదు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, పద్నాలుగు పేజీల్లో పదకొండు అంకెలూ గీతలే. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు రోజులు కూర్చుంటే తేలింది ఇది: ఉప్పు తక్కువ బోరు నీళ్ళలో పొటాషూ మెగ్నీషియమూ చాలకపోతే గుల్ల గట్టిపడదు, సరైన పాళ్ళలో కలిపితే గట్టిపడుతుంది. కానీ మా గుంటకున్నది ఆ లోపమా, పురుగు రోగమా అని తేల్చుకోవడం ఎలాగో అందులో లేదు. వాళ్ళ దగ్గర పెద్ద పెద్ద మిషన్లున్నాయి, వాళ్ళకి ఆ అనుమానమే రాలేదేమో అనుకున్నాను. పెద్దమ్మ ల్యాబ్‌కి వచ్చింది, చొక్కా అంచులు తడిగా. "ఏమ్మే, ఏం రాసుంది?" అంది. ఉన్నది చెప్పాను. ఆ కాగితాలు తిప్పి తిప్పి చూసి, "ఇంతమంది రాసినారు కదా, వీళ్ళల్లో గుంటలోకి దిగింది ఎవరు?" అని అడిగింది. నేను ఆ ఎనిమిది పేర్లూ మళ్ళీ చూశాను. "దిగినోళ్ళని అడగాల్మే. గట్టు మీద ఉండేవాళ్ళు గట్టు సంగతే చెప్తారు" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "నిన్న మీ చిన్నాయన లీజుకి తీసుకునే ఆయన్ని తోడుకోనొచ్చినాడు. గుంట కొలుసుకోని పోయినారు" అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఆ మాట మాత్రం మెల్లగా అంది. అమావాస్యకి తొమ్మిది రోజులుంది.

ఆ మర్నాడు ఏడో పేరు ఆవిడ జవాబు వచ్చింది. నాకంటే అధ్వాన్నమైన ఇంగ్లీషు. పైన వాళ్ళ దేవుడి పేరు. ఇక్కడ మేమంతా క్షేమం! ఇక్కడ వానలు ఎక్కువై కాలవలు పొంగాయి. పెద్దకూతురికి నెల తప్పింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మీ తాతగారిని అడిగానని చెప్పండి. తాత ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "ఇదీ ఉత్తరమంటే" అన్నాడు. తర్వాత విషయం. "నేను శాస్త్రవేత్తని కాను. రొయ్యల్ని పట్టడం, తొట్లు కడగడం, నీళ్ళు మార్చడం నా పని. ఇరవై ఏళ్ళుగా నీళ్ళలోనే ఉన్నాను. దయగల మా పెద్దసారు నా పేరు కూడా వేశారు. దీని గురించి నాకు ఎవరూ ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఆఫీసువాళ్ళు మీ కాగితం తెచ్చి ఇస్తే ఏదో తప్పు చేశానని భయపడ్డాను." ఆ తర్వాతే అసలు సంగతి. పెద్ద ప్రయోగం మొదలుపెట్టక ముందు, రోగమా లోపమా అని వాళ్ళకీ అనుమానం వచ్చిందట. అప్పుడు ఈవిడే రెండు తొట్లు పెట్టిందట. రెండింట్లోనూ అదే గుంట నీళ్ళు, అదే గుంట రొయ్యలు. రెండో దాంట్లో మాత్రం పొటాషూ మెగ్నీషియం ఉప్పూ కలిపింది. అమావాస్యకో పౌర్ణమికో గుల్ల విడిచేదాకా ఆగి, వేలితో నొక్కి చూసింది. రెండో తొట్టిలోవి గట్టిపడితే లోపం. రెండింట్లోనూ మెత్తగానే ఉంటే ఇంకేదో రోగం. "ఇది వ్యాసంలో రాయలేదు. తొట్ల సంగతి ఎవరు రాస్తారు?" అని రాసింది. కింద ఎంతెంత కలపాలో, చిటికెలూ గరిటెలూ కాకుండా తూకంతో.

నేను ఆ కాగితం పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పోయి, "గుంటలోకి దిగినావిడ దొరికింది పెద్దమ్మా" అన్నాను.

వసారాలో, ఎర్ర డబ్బా కింద, రెండు నీలం ప్లాస్టిక్ టబ్బులు. లిట్మస్ అన్న ల్యాబ్‌లోంచి గాలి పంపు తెచ్చి పెట్టాడు. తాత పోస్టాఫీసు తక్కెడ దుమ్ము దులిపి పొటాష్ తూచాడు. ఉత్తరాలు తూచినట్టే, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టి. పెద్దమ్మ గుంటలోంచి రొయ్యలు తెచ్చి ఇటు ఇరవై, అటు ఇరవై వదిలింది. కొంగ ఒకటి గోడ మీద వచ్చి వాలితే, ఆ రోజు నుంచి పెద్దమ్మ కర్ర పట్టుకుని అక్కడే కూర్చుంది. "రెండో టబ్బులోవి తినండిమ్మా, మొదటి టబ్బులోవి కూడా తినండి, మీ తప్పేముందిలే" అని రెంటికీ నచ్చజెప్పేది. నేను మాత్రం లోపల అమ్మవారి పేరు జపిస్తూ ఉన్నాను. అమావాస్యకి రెండు టబ్బుల్లోనూ పొరలు తేలాయి, గుల్ల విడిచాయి. ఒక రోజు ఆగమంది ఏడో ఆవిడ. ఆగాం. ఆ మర్నాడు పొద్దున చిన్నాయన తూము ఎత్తడానికి మనుషుల్ని తోడుకుని మా వసారా మీదుగానే వచ్చాడు. పెద్దమ్మ లేవలేదు. మొదటి టబ్బులోంచి ఒక రొయ్య తీసి ఆయన చేతిలో పెట్టింది. "నొక్కు." ఆయన నొక్కాడు. మెత్తగా లోపలికి పోయింది. రెండో టబ్బులోంచి ఇంకోటి తీసి పెట్టింది. "ఇప్పుడు నొక్కు." గట్టిగా ఉంది. అది ఒక్క ఎగురు ఎగిరి ఆయన కండువాలో పడింది. చిన్నాయన ఇంకోటి తీసుకున్నాడు, ఇంకోటి. అన్నీ నొక్కాడు. "ఏం కలిపినావు వదినా?" అన్నాడు. పెద్దమ్మ నా వైపు చూపించి, "అందరికీ బొట్టు పెట్టి పిలిసింది లేబ్బా అది" అంది. ఆయనకి ముక్క అర్థం కాలేదు. అయినా తూము ఎత్తడానికి వచ్చిన మనుషుల్ని పొటాష్ బస్తాలు మోయించడానికి పంపాడు. ఆ పంట ఆలస్యంగానైనా నిలబడింది. గుంట ఇప్పటికీ పెద్దమ్మదే. చొక్కా మాత్రం మూడోది.

ఏడో ఆవిడకి ఒక పొట్లంలో అమ్మవారి కుంకుమ పోస్టులో పంపాను. ముద్ర తాతే వేశాడు, రిటైరైనవాడు వేయకూడదని కొత్త పోస్టుమాస్టరు గొణుగుతున్నా వినకుండా. మా ఊరి ఇసకదిబ్బ మీద నిలబడి తిన్నగా తూర్పుకి చూస్తే, సముద్రం అవతలి గట్టున ఆవిడ దేశం. కంటికి ఆనదు. తాత పోయినప్పుడు ఆవిడ రాసిన ఉత్తరంలో విషయం ఏమీ లేదు, మొత్తం క్షేమ సమాచారాలే. అది నా పెట్టెలో ఉంది.

లిట్మస్ అన్న బిట్రగుంటలో మేత కొట్టు పెట్టుకుని పోయాక ల్యాబ్ నా చేతికి వచ్చింది. మొన్నామధ్య ఒక కాలేజీ వాళ్ళు మా తీరం బోరు నీళ్ళ మీద పరిశోధన చేస్తూ, రెండేళ్ళ పాటు నా చేత ఊరూరా నీళ్ళు పట్టించుకున్నారు. పోయిన నెల ఆ అబ్బాయి ఫోన్లో లింకు పంపి, "అక్కా, మీ పేరు కూడా వేసినాం, చూడండి" అన్నాడు. తొమ్మిది పేర్లలో ఎనిమిదోది నాది. ఏడో ఆవిడ కంటే ఒక మెట్టు కింద. బడి గడప తొక్కనిదాని పేరు! కళ్ళు తుడుచుకుని, మా పెద్దమ్మకి చదివి వినిపిద్దామని నొక్కాను. తాళం. అదే చిన్న తాళం బొమ్మ. డాలర్లు మాత్రం పెరిగాయి. నా పేరు లోపల, నేను బయట. పక్కన పెద్దమ్మ, "నవ్వుతావేందిమే?" అంది.

ఆ అబ్బాయికి ఫోను చేస్తే అయిపోయేదే. అయినా కూర్చుని ఉత్తరమే రాశాను, తాత వరసలో. ఇక్కడ మేమంతా క్షేమం, మీ అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది, ఈ ఏడు వానలు బాగున్నాయి... చివర్లో, వీలైతే ఆ వ్యాసం ఒక ప్రతి. నిమిషంలో పంపాడు. నవ్వుతున్న మొహం బొమ్మ కూడా పెట్టాడు. నవ్వనీ. ఇరవై రెండేళ్ళప్పుడు సెలవులో ఉన్న కంప్యూటరుకి కషాయం రాసి పంపిన పిల్ల నాకు కూడా నవ్వే తెప్పిస్తుంది. కానీ ఆ పిల్లకి రెండు లైన్లతో సరిపెట్టడం తెలిసి ఉంటే, వంటింట్లో ఉన్న మనిషికి బొట్టు అందేది కాదు.

రోజూ పొద్దున దీపం పెట్టుకున్నాక, ల్యాబ్ తెరిచి, ముందు ఈమెయిలు చూస్తున్నాను. ఎనిమిదో పేరుకి ఇంతవరకూ ఎవరూ రాయలేదు. రాస్తారు. తొందరేమీ లేదు. నా గోత్రమూ నక్షత్రమూ ఒక కాగితం మీద రాసి కంప్యూటరు పక్కనే పెట్టుకున్నాను.